ఆరో గిన్నె

"నేను తినలేదు," అంది రోసారియా మూడోసారి.

మూడోసారి అన్నందుకే చెంప ఛెళ్లుమంది. తండ్రి కొరాదోది రాళ్లు చెక్కే చెయ్యి. పదకొండేళ్ల పిల్ల తల గోడకి కొట్టుకోకుండా ఆగిందంటే తల్లి సాంతీనా మధ్యలోకి వచ్చినందువల్లే.

"కొట్టేముందు నన్నొక మాట అడగాల్సింది," అంది సాంతీనా మొగుడితో.

"నిన్నడిగేదేముంది? కళ్లముందు కనిపిస్తూనే ఉందిగా. రేపు మా నాన్న నెల పూజ. చర్చి నుంచి వచ్చినవాళ్లకి పెట్టాల్సినదాన్ని ఈవిడగారు ముందే నాకి పెట్టింది."

కొట్టుగదిలో చలవరాతి పలక మీద ఆరు గిన్నెలున్నాయి. నిన్న శుక్రవారం మధ్యాహ్నం సాంతీనా కూర్చుని బాదంపప్పు పొట్టు తీసి, రోట్లో నూరి, గుడ్డలో పిండి పాలు తీసింది. అందులో గంజిపిండీ చక్కెరా కలిపి, తెల్లతొక్క రాకుండా గీసిన నిమ్మచెక్కు వేసి, సన్నని సెగ మీద గరిటె ఒకే వైపు తిప్పుతూ బాదంజున్ను కాచింది. ఒకే కుండలోది ఆరు గిన్నెల్లో పోసింది. అయిదు గిన్నెలు ఊపినా కదలనంత చక్కగా పేరుకున్నాయి. ఆరోది మాత్రం పలచబడి, నీరు కారింది, పైన కప్పిన నిమ్మాకు అందులో తేలుతోంది.

వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వీధంతా గౌరవంగా దోన్నా ఫిలిప్పా అని పిలిచే అత్తగారు జపమాల తిప్పుతోంది. దెబ్బ పడ్డప్పుడు ఆమె వేళ్ల మధ్య పూస ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది.

"అమ్మా, నిన్న సాయంత్రం నీ కోడలు కొవ్వొత్తులు కొనడానికి వెళ్లినప్పుడు ఇంట్లో నువ్వూ పిల్లా ఉన్నారు. పిల్ల కొట్టుగదిలోకి వెళ్లడం చూశావా?" అన్నాడు కొరాదో.

"నేనెవర్నీ చూడలేదు," అంది ఫిలిప్పా.

"చూడలేదంటోంది, నాన్నా," అంది రోసారియా ఏడుపు దిగమింగుకుంటూ.

"చూడకపోతే తిననట్టా? రేపు ఫాదర్ గారి ముందు నిలబడి, తాతయ్య పూజకి చేసింది ఎంగిలి చేశాను, క్షమించండి అని నీ నోటితో చెప్పాలి. చెప్పేదాకా నాతో మాట్లాడకు."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి ఆరో గిన్నె వైపు చూస్తోంది.

*

పది గంటలకి వెనేరా వచ్చింది. కొరాదో అక్క, అతని కన్నా నాలుగేళ్లు పెద్దది. మోదికా కింది బజారులో మొగుడికి బట్టల దుకాణం. కింద రోడ్డు మీద కారు దిగి నూట పన్నెండు మెట్లెక్కి పైవీధికి రావడానికి ఆమెకి ఆయాసం. ఆ ఆయాసం తగ్గకముందే నాలుగు మాటలు అనకపోతే ఆమెకి తోచదు.

చేతిలో మూతపెట్టిన గిన్నె. తల్లికి భోజనం.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తెచ్చిపెడతారు. ఆ వీధిలో ఎవరింట్లోనైనా అంతే. నాలుగో రోజున ఇంటి ఆడది పొయ్యి వెలిగిస్తుంది, అందరూ కూర్చుని తింటారు. మామగారు వీతో మేస్త్రి పోయిన నాలుగో రోజున సాంతీనా పొయ్యి వెలిగించి చారు కాచి పెడితే, దోన్నా ఫిలిప్పా పళ్లెం పక్కకి నెట్టేసింది. "ఆ చేత్తో పెట్టింది తినే మా ఆయన పోయాడు. నాకింకా మూడు రోజులు కాలేదు," అంది. నాలుగు వారాలైనా ఆవిడకి ఆ మూడు రోజులు ఇంకా కాలేదు.

"ఏమిటి, పిల్ల చెంప అలా ఉంది?" అంది వెనేరా.

కొరాదో చెప్పాడు. వెనేరా కొట్టుగదిలోకి వెళ్లి గిన్నె వంచి చూసి వచ్చింది.

"పిల్లనంటావేంట్రా. పిల్ల తింటే గిన్నెలో తగ్గాలి గానీ నీళ్లవుతాయా? చేసిన చెయ్యి అలాంటిది."

"ఒకే చెయ్యి, వదినా. ఆ అయిదూ చేసిందీ ఈ చెయ్యే," అంది సాంతీనా.

"అయిదు కుదిరి ఒకటి కుదరకపోవడమే నేనూ చూస్తున్నాను. మా నాన్నకి పెట్టిన రోజున కూడా అందరికీ వండింది బాగానే ఉంది. ఆయన గిన్నె ఒక్కటే వేరు."

"ఏం వేరు?"

"నన్నడుగుతావేం? వీధిలో అడుగు. వందకి నాలుగు చేదు బాదం వేస్తే వాసన వస్తుంది. గుప్పెడు వేస్తే ఏమొస్తుందో నాకు తెలీదు. నేను వంటలక్కని కాను."

"వెనేరా," అన్నాడు కొరాదో.

"నేనేమన్నాను? వీధి అంటోంది అన్నాను."

"డాక్టరు చెప్పాడు కదా వదినా. గుండె అలిసిపోయింది, జున్ను తిన్నా తినకపోయినా ఆ ఆదివారం దాటేవారు కాదన్నాడు. నీ ముందే అన్నాడు."

"డాక్టరు చక్కెర పెట్టొద్దని కూడా చెప్పాడు. అది నీకు వినబడలేదా?"

సాంతీనాకి వినబడింది. విని కూడా పెట్టింది.

వెనేరా తల్లి ఒళ్లో గుడ్డ పరిచి, గిన్నె మూత తీసి, చెంచా చేతికిచ్చింది. "రేపు పూజ అవగానే మీ అల్లుడు కారు తెస్తాడు. బట్టలు సర్దుకున్నావా?"

"సర్దుకున్నాను," అంది ఫిలిప్పా.

"ఈ మెట్ల మీద నీ చెప్పులు ఇంక అరగనక్కర్లేదు."

కొరాదో కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాడు. సాంతీనా అతని వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట, "అమ్మా, వెళ్లకు" అనో, "నా పెళ్లాం అలాంటిది కాదు" అనో అంటాడేమోనని. పెళ్లయిన పదమూడేళ్లలో ఆ వీపు నుంచి ఆమెకి ఎప్పుడూ ఏ మాటా రాలేదు, ఇవాళా రాలేదు.

రేపటి ప్రయాణం ఒక ముసలామె కూతురింటికి వెళ్లడం మాత్రమే కాదని అతనికీ తెలుసు. నెల పూజ అయిన పూట, వీధి అంతా చూస్తుండగా, కోడలి చేతి మెతుకు ముట్టకుండా దోన్నా ఫిలిప్పా ఆ మెట్లు దిగిందంటే సాంతీనా మీద ముద్ర పడ్డట్టే. మామగారికి విషం పెట్టిందన్న మాట ఎవరూ పైకి అనరు. కానీ ఆమె ఏ ఇంటికి గిన్నె పంపినా ఆ గిన్నె ముట్టకుండా వెనక్కి వస్తుంది. రేపు రోసారియా పెద్దదైతే, "ఆ ఇంటి పిల్లా?" అంటారు.

*

వెనేరా వెళ్లాక, కొరాదో పనిలోకి వెళ్లాక, సాంతీనా ఆరో గిన్నె వంటింటి బల్ల మీదికి తెచ్చుకుంది. పారబోద్దామనే తెచ్చింది. పైన కప్పిన ఆకు తీస్తూ ఆగిపోయింది.

ఆమె ఆకు నున్నటి వైపు జున్నుకి తగిలేటట్టు వేస్తుంది. అలా వేస్తే మీద గీతలు పడవు, అద్దంలా వస్తుంది. చిన్నప్పుడు మఠం వంటింట్లో సిస్టర్ బెనెదెత్తా నేర్పిన పద్ధతి. ఈ ఇంట్లో పద్ధతి వేరు. దోన్నా ఫిలిప్పా ఈనె వైపు వేస్తుంది. జున్ను మీద ఆకు ఈనెలన్నీ అచ్చు పడాలి, పడకపోతే అది నిమ్మాకు వేసి చేసిన జున్నని ఎలా తెలుస్తుంది అంటుంది. కాపురానికి వచ్చిన మొదటి వారంలో మొదలైన పేచీ అది. పదమూడేళ్లయినా ఏ ఒక్కరూ తగ్గలేదు.

అయిదు గిన్నెల మీదా ఆకు నున్నటి వైపు కిందికి ఉంది. దీని మీద ఈనె వైపు కిందికి ఉంది.

సాంతీనా కుర్చీ లాక్కుని కూర్చుంది.

బాదంజున్ను నీరవడానికి ఒక్కటే కారణం. మఠంలో ఆమెకి ఎనిమిదేళ్లప్పుడు, కాగుతున్న కుండలో చెంచా ముంచి, నాకి, మళ్లీ ముంచినందుకు సిస్టర్ బెనెదెత్తా గరిటెతో వేళ్ల కణుపుల మీద కొట్టింది. "నోట్లో పెట్టిన చెంచా మళ్లీ పెడితే గంజి విరుగుతుంది. ఎంత గట్టిగా పేరుకున్నా తెల్లారేసరికి నీళ్లే," అంది. పాపమని కాదు, మురికి అని కాదు. ఎంగిలి తగిలితే గంజి నిలవదు, అంతే. కొట్టిన చోట వారం రోజులు నీలంగా ఉంది కాబట్టి ఆ సంగతి ఆమె మరిచిపోలేదు.

ఒక చెంచా కాదు. ఇంత నీరైందంటే నాలుగైదుసార్లు నోట్లో పెట్టి మళ్లీ ముంచారు. తర్వాత పైన చెంచా వీపుతో సర్ది, ఆకు యథాప్రకారం కప్పారు. ఎవరి యథాప్రకారం వాళ్లది.

ఆమెకి కోపం రావాల్సింది. ముందు వచ్చింది నవ్వు. నాలుగు వారాలుగా తన చేతి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి కొట్టుగదిలో చీకట్లో నిలబడి జున్ను తింది. తర్వాత రోసారియా చెంప గుర్తొచ్చి నవ్వు పోయింది.

గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. నిమ్మ. దాని వెనక మరువం.

మరువం ఆమె వేయాల్సింది కాదు. ఈ ఇంట్లో బాదంజున్నులో నిమ్మ తప్ప ఇంకేం పడదు. పోవడానికి రెండు రోజుల ముందు, ఆ శుక్రవారం, మంచంలో పడుకున్న వీతో మేస్త్రి ఆమెని దగ్గరికి పిలిచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మాయ్, కొంచెం బాదంజున్ను చేసి పెడతావా. కాగేటప్పుడు ఒక మరువం రెమ్మ వేసి తియ్యి. మా అమ్మ వేసేది." డాక్టరు వద్దన్నాడు మామయ్యా అంటే, "డాక్టరు నన్ను ఇల్లు కట్టొద్దన్నాడు, నడవొద్దన్నాడు, తినొద్దన్నాడు. ఇంక మిగిలిందొక్కటే, దానికి డాక్టరు అనుమతి అక్కర్లేదు," అన్నాడు.

చేసి పెట్టింది. చిన్న గిన్నె. ఆయన కళ్లు మూసుకుని తిన్నాడు. తిని, "నలభై నాలుగేళ్లు అడిగాను," అన్నాడు. ఎవరినని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. "ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ."

ఆమె ఉండనిచ్చింది. విషం పెట్టిందన్నా ఉండనిచ్చింది. నిన్న జున్ను కాస్తూ, పూజ ఆయనదే కదా, రుచి కూడా ఆయనదే ఉండనీ అని వరండాలో కుండీలోంచి ఒక రెమ్మ తుంచి వేసింది.

*

ఫిలిప్పా తన గదిలో మంచం మీద కూర్చుని నల్ల మేజోళ్లు చుట్టలు చుట్టి పెట్టెలో పెడుతోంది. సాంతీనా గిన్నె తెచ్చి పెట్టె పక్కన పెట్టింది. గిన్నె మీద ఆకు.

"ఏమిటిది?" అంది ఫిలిప్పా.

"మీరే చెప్పాలి అత్తయ్యా. ఆకు ఈనె వైపు వేసి ఉంది."

ఫిలిప్పా ఆకు వైపు చూసింది. మేజోడు చుట్ట పూర్తి చేసింది. పెట్టెలో పెట్టింది. ఇంకో మేజోడు తీసింది.

"అలవాటు," అంది చివరికి.

"పిల్ల చెంప మీద అయిదు వేళ్లూ తేలాయి."

"చూశాను."

"చూసి ఊరుకున్నారు."

"పిల్లని చూశావా అని అడిగాడు. చూడలేదన్నాను. నువ్వు తిన్నావా అని నన్నెవరూ అడగలేదు."

"ఎవరడుగుతారు? నా చేతి నీళ్లు ముట్టనని వీధంతా వినేలా చెప్పిన మనిషిని."

"అది నిజమే," అంది ఫిలిప్పా, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు.

కింది బజారులో గంట కొట్టింది. సాంతీనా నిలబడే ఉంది. ఈ గదిలో కూర్చోమని ఆమెనెవరూ ఎప్పుడూ అనలేదు.

"ఎందుకు తిన్నారు?"

"చేదు ఉందేమో చూద్దామని. వెనేరా నెల రోజులుగా నా చెవిలో అదే పోస్తోంది. చేదు బాదం, చేదు బాదం. నువ్వు లేనప్పుడు చూద్దామనుకున్నాను. ఒక చెంచా అనుకున్నాను."

"చేదు ఉందా?"

"లేదు." ఫిలిప్పా మొదటిసారి తలెత్తి కోడలి మొహంలోకి చూసింది. "మరువం ఉంది."

సాంతీనా గిన్నె అంచుకి జారిన ఆకుని లోపలికి జరిపింది.

"ఆ రోజు కూడా వేశావా?"

"వేశాను."

"నీ అంతట నువ్వు వేశావా? ఆయన అడిగాడా?"

అడిగారు అనడానికి ఒక్క క్షణం పట్టదు. ఆ ఒక్క మాటతో ఈ ముసలామె నాలుగు వారాలుగా పెట్టిన ఉసురుకి బదులు తీరిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్న మొహం ఆ మాట కోసం ఎదురు చూస్తున్నట్టూ ఉంది, ఆ మాటకి వణుకుతున్నట్టూ ఉంది. సాంతీనా నోరు మూసుకుంది.

"రేపు అందరి ముందూ చెప్పండి," అంది బదులుగా. "చేదు లేదని చెప్పండి. పిల్ల తినలేదని చెప్పండి. నేనింకేం అడగను."

"చెప్పకపోతే?"

"నేను చెబుతాను."

"ఎవరు నమ్ముతారు? ఆకు తిరగబడిందని చెబుతావా? మఠంలో సన్యాసిని కొట్టిందని చెబుతావా?" ఫిలిప్పా గొంతులో హేళన లేదు, అలసట ఉంది. "వెనేరా నవ్వుతుంది. నీ మొగుడు కిటికీలోంచి బయటికి చూస్తాడు."

అది నిజమని ఇద్దరికీ తెలుసు.

"గిన్నె తీసుకెళ్లు," అంది ఫిలిప్పా. "పెట్టెలో ఒలుకుతుంది."

*

ఆదివారం పూజ నుంచి తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. ఫాదర్ గారు, ఎదురింటి దోన్నా పావులీనా, వెనేరా, ఆమె మొగుడు, కొరాదో బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎదురింటావిడ వచ్చిందంటే వీధంతా వచ్చినట్టే. ఇక్కడ విన్నది సాయంత్రానికి మెట్ల అడుగుదాకా చేరుతుంది.

సాంతీనా అయిదు గిన్నెలు అతిథుల పళ్లాల్లోకి బోర్లించింది. అయిదూ చెక్కు చెదరకుండా నిలబడ్డాయి. ఎవరూ చెంచా ఎత్తలేదు. ఫాదర్ గారు కూడా పళ్లెం వైపు చూసి, గొంతు సవరించుకుని, మేస్త్రి గారు కట్టిన చర్చి మెట్ల గురించి మొదలుపెట్టారు.

ఫిలిప్పా ముందు పళ్లెం లేదు. ఆమె ఒళ్లో వెనేరా తెచ్చిన మూతగిన్నె ఉంది.

"రోసారియా," అన్నాడు కొరాదో.

పిల్ల వచ్చి బల్ల చివర నిలబడింది. చెంప వాపు తగ్గింది గానీ మచ్చ పోలేదు. నల్ల గౌను పొట్టిదైపోయి మోకాళ్లు కనిపిస్తున్నాయి.

"ఫాదర్ గారూ," అంది. ఆగింది. తల్లి వైపు చూసింది. "తాతయ్య పూజకి చేసిన..."

సాంతీనా చేతిలోని ఖాళీ గిన్నె కింద పెట్టింది. నమ్మితే నమ్మనీ, నవ్వితే నవ్వనీ, ఇంక చాలు అనుకుని నోరు తెరిచింది.

"కూర్చో," అంది ఫిలిప్పా.

ఎవరిని అన్నదో అర్థం కాక అందరూ ఆమె వైపు తిరిగారు.

"నిన్నే రోసారియా. కూర్చో. నువ్వు తినలేదు. నేను తిన్నాను."

"అమ్మా?" అంది వెనేరా.

"శుక్రవారం సాయంత్రం కొట్టుగదిలో నిలబడి తిన్నాను. ఒకటి కాదు, అయిదారు చెంచాలు. ఆయన కూడా శుక్రవారమే తిన్నాడు, ఆదివారం పోయాడు. ఇవాళ ఆదివారం, పావులీనా. నేను కూర్చునే ఉన్నాను, చూస్తున్నావా?"

"చూస్తున్నాను దోన్నా ఫిలిప్పా," అంది పావులీనా చిన్న గొంతుతో.

"చేదు లేదు. వీధికి చెప్పు. నా కోడలు మా ఆయన్ని చంపలేదు. ఆయన గుండె అయిపోయింది, పోయాడు."

ఫాదర్ గారు మెల్లగా చెంచా ఎత్తి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. ఆయన్ని చూసి పావులీనా. కొరాదో రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. సాంతీనా గోడకి ఆనుకుంది.

"మంచిమాట చెప్పారు," అన్నారు ఫాదర్ గారు. "అయితే ఇంక మీరు ఇల్లు వదిలే అవసరం..."

"వెనేరా, మీ ఆయన్ని కారు దగ్గరికి వెళ్లమను," అంది ఫిలిప్పా లేస్తూ.

"అమ్మా, ఇంకెందుకు?" కొరాదో లేచాడు. "నువ్వే చెప్పావు కదా, ఆమె తప్పేం లేదని."

"అందుకేరా. తప్పు చేసి ఉంటే ఉండేదాన్ని. రోజూ ఎదురుగా పెట్టుకుని తిట్టుకుంటూ బతికేదాన్ని. ఏ తప్పూ లేని మనిషి కళ్లముందు తిరుగుతుంటే నేను ఎవరిని తిట్టుకోను?"

ఆమె తన గదిలోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు. వరండా తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు అయ్యాయి. వచ్చేటప్పుడు చేతిలో నల్లగుడ్డ కప్పిన బుట్ట ఉంది. కొరాదో పెట్టె అందుకున్నాడు. బుట్ట మాత్రం ముట్టనివ్వలేదు.

నూట పన్నెండు మెట్లు. ముందు వెనేరా, తర్వాత పెట్టెతో కొరాదో, వెనక ఫిలిప్పా, ఆమె పడకుండా ఒక మెట్టు వెనక సాంతీనా. చెయ్యి పట్టుకోమని ఫిలిప్పా అడగలేదు, పట్టుకుంటానని సాంతీనా అనలేదు. కిటికీలన్నింట్లో మొహాలున్నాయి. పావులీనా అప్పటికే పని మొదలుపెట్టింది.

కారు తలుపు దగ్గర ఫిలిప్పా ఆగింది. కూతురూ అల్లుడూ లోపల కూర్చున్నారు. కొరాదో వెనక పెట్టె కడుతున్నాడు.

"నిన్న అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు," అంది వెనక్కి తిరక్కుండా. "మరువం. ఆయన అడిగాడా?"

సాంతీనా ఈసారి ఆలోచించలేదు.

"అడగలేదు అత్తయ్యా. నాకే వేయాలనిపించింది."

ఫిలిప్పా తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"నన్ను అడిగేవాడు," అంది. "పెళ్లయిన మొదటి ఏటి నుంచీ అడిగేవాడు. ఒక్క రెమ్మ, ఒక్క రెమ్మ అని. వాళ్లమ్మ వేసేదట."

"మరి ఎందుకు వెయ్యలేదు?"

"వాళ్లమ్మ వేసేదని."

కారులో కూర్చుని బుట్ట ఒళ్లో పెట్టుకుంది. తలుపు వేసుకుంది. కారు చర్చి మలుపు దగ్గర కనబడకుండా పోయేదాకా కొరాదో చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. లోపలి నుంచి ఎవరూ ఊపలేదు.

పైకి వచ్చేసరికి బల్ల మీద పళ్లాలన్నీ ఖాళీ. ఫాదర్ గారు వెళ్లిపోయారు. సాంతీనా ఒక పళ్లెం మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఇంక ఏ ఇంటికి గిన్నె పంపినా వెనక్కి రాదు. నాలుగు వారాలుగా కోరుకున్నది అదే. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది.

"అమ్మా," అంది రోసారియా వరండా గుమ్మంలోంచి. "మన మరువం కుండీ ఏది?"

సాంతీనా వెళ్లి చూసింది. నిమ్మచెట్టు తొట్టి ఉంది. గోడ మీద తులసిలాంటి చిన్నాకుల కుండీలు రెండూ ఉన్నాయి. వాటి మధ్య, పొద్దున తను నీళ్లు పోసిన చోట, రాతి మీద కుండీ అడుగంత గుండ్రటి తడి ఉంది. అది ఇంకా ఆరలేదు.